అడుగు పుల్ల

కార్డు వెనక ఖాళీగా కనిపిస్తే ఆమెకు ముద్ద దిగదు. కార్డుకు ముందువైపు ప్రశ్న, దాని కింద జవాబు, వెనకవైపు రెండు గీతలు: ఆధారం ఒకటి, ఆధారం రెండు. రెండు గీతలూ నిండితేనే కార్డు చెక్కపెట్టెలోకి వెళ్తుంది. లేకపోతే చెత్తబుట్టలోకి. జిరాఫీ మెడలో ఎముకలు ఏడేనని ఒక పుస్తకంలో ఉంటే చాలదు. దానితో సంబంధం లేని ఇంకో పుస్తకం కూడా అదే మాట చెప్పాలి. ముప్పై నాలుగేళ్లుగా ఆమె పని అదే. ఉద్యోగాల పరీక్షలు రాసేవాళ్లందరూ కొనుక్కునే మూడు వేల ప్రశ్నల పుస్తకం ఆ ఆఫీసులోంచే వస్తుంది. అక్కడ అందరూ ఆమెను ఆధారాలమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు. ఇప్పుడు ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది.

సోమవారం పొద్దున ఆమె గొడుగు ఇంకా మేకుకు తగిలించకముందే లోపలి గదిలోంచి యజమాని కేక వేశాడు.

"ఆధారాలమ్మగారూ! పడ్డాడండీ! ఉచ్చులో పడ్డాడు!"

ఆమె గొడుగు చేత్తోనే లోపలికి వెళ్లింది. బల్ల మీద నీటి సరఫరా శాఖ గుమస్తాల పరీక్ష పేపరు పరిచి ఉంది. పక్కనే తమ పుస్తకం. యజమాని ఒక వేలు పేపరు మీద, ఇంకో వేలు పుస్తకం మీద పెట్టి, రెండింటినీ ఒకే వేగంతో కిందికి జరుపుతున్నాడు.

"అరవై ఒకటి నుంచి వంద దాకా. నలభై ప్రశ్నలు. వరస కూడా మార్చలేదు చూడండి. ఆక్టోపస్‌కి గుండెలెన్ని, మన ప్రశ్న. ఏడాది కంటే రోజు పెద్దదిగా ఉండే గ్రహం ఏది, మన ప్రశ్న. సరే, అవి ఎవరైనా రాయొచ్చు. మరి ఇది?"

అతని వేలు ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. ఆమె కళ్లజోడు తీసుకోలేదు. అవసరం లేదు. గూడు వదిలి వెళ్లేటప్పుడు గూటిలోంచి ఒక పుల్లను వెంట తీసుకెళ్లే పక్షి ఏది? కొంగ. చుక్కతోక పిట్ట. వడ్రంగి పిట్ట. పైవేవీ కావు. పుస్తకం ఇచ్చిన జవాబు చుక్కతోక పిట్ట.

పుస్తకంలోంచి ఎవరైనా దొంగతనంగా ఎత్తి రాస్తే పట్టుకోవడానికి, పాత యజమాని కాలం నుంచి, నిజం కాని ప్రశ్నలు ఒకటో రెండో కల్పించి కలపడం ఆ ఆఫీసులో రివాజు. వాటిని ఉచ్చులు అంటారు. ఉచ్చు కార్డు మూలన ఎర్రసిరాతో చుక్క ఉంటుంది. వెనక రెండు గీతలూ ఖాళీగా ఉంటాయి. మిగతా ఉచ్చులన్నీ కూర్పు కూర్పుకూ మారిపోయాయి. ఈ ఒక్కదాన్ని మాత్రం ఆమె ముప్పై ఏళ్లుగా మార్చనివ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"నాన్న ఉండుంటే ఎగిరి గంతేసేవాడు" అన్నాడు యజమాని. "శుక్రవారం పదకొండింటికి ఆ శాఖవాళ్లు ఈ ప్రశ్న మీద అభ్యంతరాలు వింటున్నారట. ఆధారం ఎవరూ చూపించకపోతే ప్రశ్న కొట్టేస్తారు. మనం వెళ్లి, 'ఈ పిట్ట లేనే లేదు, మేమే పుట్టించాం, మా పుస్తకం కాపీ కొట్టారు' అని కాగితం పెడతాం. కార్డు రాసినవాళ్ల సంతకం కావాలి. మీది."

"రేపు రాస్తాను."

"రెండు వాక్యాలకి రేపెందుకండీ?"

"సరిచూసి రాస్తాను" అందామె. బయట కంపోజింగ్ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "లేని పిట్టను ఎక్కడ సరిచూస్తారమ్మా? నా పెళ్లిచూపులకి మిమ్మల్ని పిలవనందుకు సంతోషిస్తున్నా. పెళ్లికొడుక్కి కూడా రెండు ఆధారాలు అడిగేవారు."

"అడగాల్సింది" అందామె, నవ్వకుండా. అమ్మాయి ఇంకా గట్టిగా నవ్వింది.

మంగళవారం మధ్యాహ్నం ఒకామె వచ్చింది. ముప్పై దగ్గరలో ఉంటుంది. ఖాకీ కోటు, మోకాళ్ల దగ్గర తడి ఆరిన మట్టి, భుజాన సంచిలోంచి బయటకు పొడుచుకొచ్చిన ఇనుప కొక్కెం. ఇంటింటికీ తిరిగి గుంతల్లో ఉండే నీళ్ల మీటర్లు చూసి రాసుకునే మనిషి. తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. మీటరు పెట్టెల తాళంచెవులు పాతిక దాకా ఉంటాయి. వాటి మధ్య వేలెడంత చెక్కముక్క ఒకటి, చేతులు తగిలి తగిలి నల్లగా నున్నబడినది, తాడుతో కట్టి ఉంది.

"ఈ పుస్తకం రాసింది మీరేనా అమ్మా?"

"రాయలేదు. సరిచూస్తాను. కూర్చో."

"కూర్చుంటే బీటు పూర్తవదు. ఒక్క మాట అడిగి పోతాను." అని కూర్చుంది. "మా శాఖలోనే పర్మనెంటు గుమస్తా పరీక్ష రాశాను. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. నలభై పోస్టులు, నాది నలభయ్యో నెంబరు. కరెక్టుగా గట్టు మీద నిలబడ్డాను. ఇప్పుడు ఈ ఎనభై ఎనిమిది కొట్టేస్తే ఒక మార్కు పోతుంది, నలభై మూడులో పడతాను. దీనికి ఆధారం ఏ పుస్తకంలో ఉందో కాగితం మీద రాసిస్తే, శుక్రవారం పట్టుకెళ్లి చూపిస్తాను."

"మా పుస్తకం చదివి రాశావా?"

"అదే కదా! చదవలేదు. పరీక్ష అయ్యాక పాత పుస్తకాల కొట్లో మీ పుస్తకం దొరికింది. అక్కడే పేవ్‌మెంటు మీద కూలబడ్డాను. ఈ పిట్ట సంగతి నాకు మా అమ్మ చెప్పింది."

ఆధారాలమ్మ చేతిలోని కార్డుల కట్టను బల్ల మీద నిలబెట్టి అంచులు తట్టింది. అవి సమంగానే ఉన్నాయి. మళ్లీ తట్టింది.

"ఏమని చెప్పింది?"

"ఇల్లు మారినప్పుడల్లా చెప్పేది. మేం చాలా ఇళ్లు మారాం. చుక్కతోక పిట్ట గూడు విడిచిపోయేటప్పుడు ఒక పుల్ల పట్టుకెళ్తుందట. పై పుల్ల కాదు, అడుగు పుల్ల. అందరూ పైపైన వెతుక్కుంటారు, అడుగుది ఎవరికీ కనపడదు అనేది. చుట్టుపక్కల వాళ్లు మా అమ్మని కోతలరాయుడికి చెల్లెలు అనేవాళ్లు. ఏది చెప్పినా నమ్మేవాళ్లు కాదు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. అమ్మే అనేది, 'మా అక్కా అంతే, ఎవరు చెప్పారు, ఎక్కడ రాసుంది అని అడిగింది' అని. తీరా చూస్తే పరీక్ష పేపర్లో ఉంది! పెన్ను కింద పెట్టి మళ్లీ చదివానంటే నమ్మండి."

ఫ్యాను తిరుగుతోంది. కార్డుల కట్టలో పైది ఒకటి ఎగిరి కింద పడింది. ఆధారాలమ్మ వంగి తీసుకోలేదు.

"మీ అమ్మ..." అంది.

"లేదండీ. మూడేళ్లయింది. ఉండుంటే ఇవాళ వీధి వీధంతా దండోరా వేసేది." ఆమె వంగి కార్డు తీసి, ఖాకీ కోటుకు తుడిచి బల్ల మీద పెట్టింది. "రాసిస్తారా అమ్మా?"

ఆధారాలమ్మ ఏదో అనబోయింది. గొంతులో ఉన్నది ఒక మాట, నోట్లోంచి వచ్చింది వేరొకటి. "గురువారం సాయంత్రం మా ఇంటికి రా. ఇక్కడ కాదు." ఒక ఖాళీ కార్డు వెనక, ఆధారం ఒకటి అన్న గీత మీద, చిరునామా రాసిచ్చింది.

తాళాల గుత్తి గలగలలాడుతూ మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆమె చెంచాలు లెక్కపెట్టింది. తొమ్మిది. గ్లాసులు ఆరు, పెద్ద కత్తెర ఒకటి, చిన్న కత్తెర ఒకటి. గుండీల డబ్బా బోర్లించి మళ్లీ ఎత్తింది. పక్కింటివాళ్లు వచ్చి వెళ్లినా ఆమె ఇలాగే లెక్కపెడుతుంది. తమను దొంగల్లా చూస్తుందని వాళ్లు ఆ గుమ్మం తొక్కడం మానేశారు. ఆమె లెక్కిస్తున్నది వాళ్లు తీసుకెళ్లినవి కాదు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక పొద్దున చెల్లి మంచం ఖాళీగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన లెక్క అది. ఇంట్లో ఒక్క వస్తువూ తగ్గలేదు. దువ్వెన కూడా వదిలేసి వెళ్లింది. ఈ ఇంట్లోది ఒక్కటీ అక్కర్లేకుండా వెళ్లిందన్న సంగతి, వెళ్లిందన్న దానికన్నా ఎక్కువగా ఆమె లోపల దిగబడి ఉండిపోయింది. ఉచ్చు ఒకటి కల్పించమని పాత యజమాని అడిగిన రోజున ఆమె చెయ్యి తనంతట తానే ఆ పిట్టను రాసింది. ఎక్కడో ఒకచోట చెల్లి ఆ పుస్తకం తెరవకపోతుందా, అది తప్పని ఒక ఉత్తరం రాయకపోతుందా అని. తప్పులు ఎత్తిచూపుతూ ఏటా ఉత్తరాలు వచ్చేవి. ఆ పిట్ట మీద ఒక్కటీ రాలేదు.

అడుగు పుల్ల అన్న మాట మాత్రం ఆమె ఎప్పుడూ వినలేదు. చెల్లి తనతో ఒక పుల్ల అనే చెప్పింది. లేచి పెట్టె అడుగు చూసింది. డబ్బాల అడుగులు చూసింది. ఏమీ లేదు. పోయినదైతే ఇంట్లో ఉండదు కదా, లేనిదాన్ని ఎలా చూస్తాం అనుకుని, లైటు తీయకుండానే పడుకుంది.

బుధవారం ఆఫీసులో యజమాని కాగితం తనే టైపు చేయించి తెచ్చాడు. "సంతకం ఒక్కటి చాలు."

"రేపు."

"నిన్న రేపన్నారు."

"ఇవాళా రేపే అంటున్నాను."

అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "ఎవరో మీటరామె వచ్చి కూర్చుందట. జాలిపడుతున్నారా? ఒకమ్మాయి కోసం మనం అబద్ధానికి ఆధారం రాసిస్తే, మన మూడు వేల ప్రశ్నల్లో ఇంక ఏది నిజం? మీరు నేర్పిందే మీకు చెబుతున్నాను."

"తెలుసు బాబూ" అందామె. అతను చెప్పిన ప్రతి మాటా సరైనదే. వెనక రెండు గీతలూ నిండిన మాట.

ఇంటికి వచ్చి బల్ల ముందు కూర్చుంది. బల్ల ఊగింది. పాత ఇల్లు, నేల ఎగుడుదిగుడు. రెండు మూడు నెలలకొకసారి ప్రూఫు కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి వెనక కాలి కింద దోపుతుంది. నలిగి పలచబడగానే మళ్లీ ఊగుతుంది. పాతది లాగేసి, కొత్త కాగితం మడిచి, వంగి దోపింది. నడుము పట్టేసింది. కాసేపు నేల మీదే కూర్చుండిపోయింది.

వెళ్లిపోయే ముందురోజు చెల్లి అడిగింది ఒక్కటే. "నాన్న అడిగితే కుట్టు క్లాసుకి వెళ్లిందని చెప్పవే అక్కా. సాయంత్రానికల్లా వచ్చేస్తాగా." నాన్న అడిగాడు. చెల్లి ఎవరిని కలవడానికి వెళ్లిందో తను ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నిజం చెప్పానన్న తృప్తి సాయంత్రం దాకా ఉంది. సాయంత్రం చెల్లి వచ్చింది. గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. మర్నాడు పొద్దున మంచం ఖాళీ.

ఆమె లేచి తెల్లకాగితం తీసుకుంది. చుక్కతోక పిట్ట గురించిన ఈ వివరం వాస్తవమని ధ్రువీకరిస్తున్నాను అని రాసింది. ఆధారం అన్నచోట కలం ఆగింది. తర్వాత, ఎక్కడా లేని ఒక పక్షుల గ్రంథం పేరు రాసి, పేజీ రెండు వందల పద్నాలుగు అని వేసింది. తెరిచి చూడని పేజీ నెంబరు రాయడం ఆమె బతుకులో అదే మొదలు. ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే భయం వేసింది. సంతకం చేసింది.

గురువారం వెలుగు ఇంకా ఉండగానే తలుపు చప్పుడైంది. మీటరామె గుమ్మం బయటే చెప్పులు విడిచి, కొక్కెం గోడకు ఆనించి లోపలికి వచ్చింది. అలవాటు కొద్దీ ముందు కుళాయి వైపు చూసింది.

"మీ కుళాయి కారుతోందమ్మా. రోజుకి రెండు బిందెలైనా పోతాయి."

"వాషరు మార్చాలి. కూర్చో."

బల్లకు రెండు వైపులా కూర్చున్నారు. ఆధారాలమ్మ కాగితం ఆమె ముందుకు జరిపింది. ఆమె పెదవులు కదుపుతూ చదివింది. మొహం వెలిగిపోయింది.

"పేజీ నెంబరుతో సహా! చూశారా? మా అమ్మ అబద్ధం చెప్పలేదు." కొంగు కోసం వెతికి, కోటు చేతితో కళ్లు తుడుచుకుంది. "ఉద్యోగం సంగతి తర్వాత. ఈ కాగితం ఫ్రేము కట్టించి అమ్మ ఫొటో పక్కన పెడతాను."

ఆధారాలమ్మ అప్పటిదాకా అనుకున్నది వేరు. కాగితం ఇచ్చి పంపేయాలనుకుంది. పిల్లకు ఉద్యోగం రావాలి, తను ఎవరో చెప్పనక్కర్లేదు, అప్పు తీరినట్టు ఉంటుంది. కాని ఆ మొహం చూశాక ఊరుకోలేకపోయింది.

"ఆ పుస్తకం లేదు" అంది.

"ఏ పుస్తకం?"

"నేను రాసిన పుస్తకం. ఆ పేజీ లేదు. ఆ పిట్టా లేదు. మీ అమ్మ కల్పించింది. నేను మా పుస్తకంలో ఎక్కించాను."

మీటరామె కాగితం మీంచి తల ఎత్తలేదు. "మా అమ్మ చెప్పింది మీకెలా తెలుసు?" అంది.

"ఎవరు చెప్పారు, ఎక్కడ రాసుంది అని అడిగినదాన్ని నేనే."

కుళాయి బొట్టు బొట్టుగా బకెట్లో పడుతోంది. మీటరామె లేచింది. గోడ మీద ఉన్న చిన్నప్పటి అక్కాచెల్లెళ్ల ఫొటో దగ్గరికి వెళ్లి చూసింది. వెనక్కి తిరిగింది.

"పెద్దమ్మవా?"

ఆధారాలమ్మ తల ఊపింది.

"మంగళవారమే తెలుసు కదా. నీ ఎదురుగా కూర్చుని అమ్మ పోయిందని చెప్పాను. అప్పుడు కూడా పెదవి విప్పలేదు."

"భయం వేసింది."

"నన్ను చూసా? మీటరు చూసుకుని పోయేదాన్ని చూసా?" ఫొటో వైపు చెయ్యి చూపించింది. "ముప్పై ఏళ్లు! ఒక్కసారి వెతకొచ్చుగా!"

"వెతికాను. పుస్తకంలో పెట్టి..."

"పుస్తకంలో పెడితే మనిషి దొరుకుతుందా పెద్దమ్మా? మా అమ్మ పుస్తకాలు కొనే ఇళ్లలో పనిచేసింది. కొనలేదు."

 ఆధారాలమ్మ రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. బల్ల ఊగింది. నిన్న దోపిన కాగితం అప్పుడే నలిగిపోయినట్టుంది. మీటరామె ఆ ఊపు చూసింది. చూసి, తొమ్మిదేళ్లుగా ఎక్కడ ఏది వదులైనా వంగి చూసే మనిషి కనుక, మోకాళ్ల మీద కూర్చుని వెనక కాలి కిందకి తొంగిచూసింది. మడతకాగితం లాగి నేల మీద పడేసింది. కాలి అడుగు చేత్తో తడిమింది. అక్కడే ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఈ కాలు ఏటవాలుగా కోసి ఉంది. దీనికి చెక్క ఉండాలి."

"నేల బాగాలేదు."

"నేల బాగానే ఉంది."

ఆమె కోటు జేబులోంచి తాళాల గుత్తి తీసింది. తాడు ముడి పళ్లతో లాగి విప్పింది. నల్లని చెక్కముక్క అరచేతిలో పెట్టుకుని చూసింది. ఒకవైపు మందం, ఇంకోవైపు పలచన. "ఇదేంటని అమ్మని అడిగితే, మా ఇంటిది అనేది. ఇంటిది అంటే తలుపుదో, కిటికీదో అనుకున్నాను."

కాలి కింద పెట్టి అరచేత్తో ఒక్క తట్టు తట్టింది. చెక్క లోపలికి వెళ్లి కూర్చుంది. 

ఆధారాలమ్మ బల్ల మీద చేతులు నొక్కింది. ఊగలేదు. మోచేతులు ఆన్చింది. ఊగలేదు. ఈ బల్ల దగ్గరే అక్కాచెల్లెళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునేవాళ్లు. చెంచాలు లెక్కపెట్టింది, గుండీలు లెక్కపెట్టింది, ఊగే బల్ల మీద మోచేతులు పెట్టుకుని ముప్పై ఒక్క ఏళ్లు కూర్చుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వచ్చిన చప్పుడు ఏడుపో నవ్వో మీటరామెకు తెలియలేదు. దగ్గరికి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది.

చీకటి పడే ముందు మీటరామె తనే లైటు వేసింది. ఆధారాలమ్మ రాసిన కాగితాన్ని రెండుగా చింపి, మళ్లీ నాలుగుగా చింపింది.

"ఏంటే అది! రేపటికి..."

"నిజంది రాసివ్వు పెద్దమ్మా. నేనే పట్టుకెళ్లి ఇస్తాను."

"మార్కు పోతుంది. ఉద్యోగం..."

"నలభై ఒకటో నెంబరు పిల్ల పక్షుల సంగతి తెలిసి పైవేవీ కావు అని పెట్టిందట. నిజం రాసి అది మార్కు పోగొట్టుకుంది. నేను మా అమ్మ కథకి మార్కు వేయించుకున్నాను." ముక్కు చీదింది. "ఇంకొకసారి రాయడానికి వయసుంది. ఈసారి నీ మూడు వేలూ కంఠతా పడతాను. నువ్వే అప్పజెప్పించుకోవాలి. పుస్తకం సరిచూసే మనిషే ఇలా ఉచితంగా దొరికినప్పుడు వదులుకుంటానా?"

"ఏడుపులో కూడా ఎకసెక్కం. అచ్చం దాని పోలికే" అంది ఆధారాలమ్మ. 

తెల్లకాగితం తీసుకుంది. ఈ పేరుతో ఏ పక్షీ లేదు, ఈ ప్రశ్న కల్పితం, కార్డు రాసింది నేనే. మూడు వాక్యాలు. కదలని బల్ల మీద అక్షరాలు గుండ్రంగా, నిలకడగా, చిన్నప్పటి దస్తూరీలా వచ్చాయి. మడిచి ఇచ్చింది.

మీటరామె బయలుదేరుతూ, "ఆదివారం వస్తాను. వాషరు తెస్తాను" అంది. గుమ్మం దాకా వెళ్లి, ఏదో మరిచినట్టు వెనక్కి వచ్చి బల్ల దగ్గర వంగింది. చెక్క తీసుకుపోతోంది కాబోలు. తీసుకోనీ, దానిదే కదా అనుకుని ఆధారాలమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. చెప్పుల చప్పుడు, కొక్కెం గోడకు రాసుకున్న చప్పుడు, తర్వాత మెట్లు.

చాలాసేపటికి ఆమె, ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఆ పిట్ట ఎర్రచుక్క కార్డును సంచిలోంచి తీసింది. పుస్తకంలోంచి అది రేపే వెళ్లిపోతుంది. ప్రశ్న మీద అడ్డంగా గీత కొట్టింది. తర్వాత కార్డు తిప్పి, ముప్పై ఏళ్లుగా ఖాళీగా ఉన్న గీతల మీద రాసింది. ఆధారం ఒకటి: మా చెల్లి. ఆధారం రెండు: చెల్లి కూతురు.

రాస్తున్నంతసేపూ బల్ల ఊగలేదు. అది గమనించి కిందికి వంగి చూసింది. చెక్క కాలి కిందే ఉంది. పక్కన నేల మీద పడి ఉండాల్సిన మడతకాగితం లేదు. మంచం కింద చూసింది, చీపురు వెనక చూసింది. లేదు.

ఆ రాత్రి ఆమె చెంచాలు లెక్కపెట్టలేదు. ఈసారి ఏం పోయిందో ఆమెకు తెలుసు.